స్వప్న కారు కదలని ఆదివారం

ఉప్పల్,
మంగళవారం మధ్యాహ్నం.

పెద్దక్కకు,

నీ చెల్లెలు సరోజన దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, రమేశ్, స్వప్న, అక్షర, నలుగురం బాగున్నాం. నువ్వెట్లా ఉన్నావు? బావ మోకాలి నొప్పి ఏమన్నా తగ్గిందా? నూనె పట్టించుకొమ్మని చెప్తే తల ఊపి ఊరుకుంటాడు, నువ్వే దగ్గర కూచుని పట్టించు. ఫోనులో నీకు సగం మాట వినబడదు, వినబడిన సగం నువ్వు నమ్మవు. అందుకే ఉత్తరం. నిదానంగా చదువుకో. అందరం బాగున్నామని ముందే రాశాను కాబట్టి మధ్యలో కంగారు పడకు.

స్వప్న చెయ్యి విరిగినప్పుడు నాలుగు వారాలు వంట చేసిపెట్టి పోదామని జనగామ నుంచి వచ్చినదాన్ని, వానాకాలం వచ్చినా ఇక్కడే ఉన్నాను. కోడలి చెయ్యి పూర్తిగా అతికింది. అయినా పొమ్మని వాళ్ళు అనడం లేదు, పోతానని నేనూ అనడం లేదు. ఇక్కడ వాన పడితే వీధి, మోరీ ఒకటైపోతాయి. గాలి నాచారం వైపు నుంచి వీస్తే కంపెనీల వాసన వంటింట్లోకి వస్తుంది. మొదట్లో తల తిరిగేది, ఇప్పుడు కిటికీ మూసి నా పని నేను చేసుకుంటాను. కూరగాయలు బాగానే దొరుకుతాయి కానీ చింతచిగురు అంటే గుప్పెడు కట్టి బంగారం అమ్మినట్టు అమ్ముతారు. ఎదురింటి ఆమె మంచిదే, తలుపు మాత్రం తీయదు. పొద్దుపోకపోతే రింగురోడ్డు దాకా నడిచిపోతాను. అక్కడ జనగామ బోర్డు పెట్టుకున్న బస్సు ఆగితే, ఎక్కే వాళ్ళలో తెలిసిన ముఖం ఉందా అని చూస్తాను. ఇంతవరకూ ఒక్కరూ లేరు. బెంగ పెట్టుకున్నానని అనుకోకు, నడక కాళ్ళకు మంచిదని పోతున్నాను, అంతే.

ఇక అసలు సంగతి. స్వప్న నాచారంలో మందుల కంపెనీ ల్యాబులో పరీక్షలు చేసే పనిలో ఉందని నీకు తెలుసు కదా. ఆమెను పొద్దటి షిఫ్టుకు ఇన్‌ఛార్జిని చేస్తామన్నారు. సోమవారం నుంచి చేరాలి. ఆరు కొట్టకముందే అక్కడుండి రాత్రి వాళ్ళ దగ్గర పని అప్పజెప్పించుకోవాలి. అంత పొద్దున కంపెనీ బస్సు ఉప్పల్ వైపు రాదు. ఆటో ఒకరోజు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు. రమేశ్‌ది గోదాములో రాత్రి డ్యూటీ, తెల్లారి ఎనిమిదికి గానీ ఇల్లు చేరడు. స్కూటీ జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాక, మళ్ళీ రెండు చక్రాల బండి ముట్టుకోవద్దని రమేశ్ ఒట్టు వేయించుకున్నాడు. అందుకని స్వప్న డ్రైవింగు నేర్చుకుని, తాను దాచుకున్న డబ్బుతో ఒక పాత కారు కొన్నది. చిన్నది, తెల్లది, ఒకవైపు తలుపు మీద గీత.

రమేశ్ వద్దన్నాడు. నేనూ వద్దనే అన్నాను. ఎవరో వాడి వదిలేసినదాన్ని నమ్ముకుని తెల్లవారుజామున ఆడపిల్ల లారీల మధ్య ఎట్లా పోతుందని మా భయం. ఆమె ఎవరి మాటా వినలేదు. మూడు వారాలు ఆ కారు చక్కగా నడిచింది. మేమిద్దరం అనడానికి ఏమీ దొరకక ఊరుకున్నాం.

ఆదివారం పొద్దున స్వప్న దారి ఒకసారి చూసుకుని వస్తానని తాళంచెవి తీసుకుని కిందికి పోయింది. శనివారం రాత్రంతా వాన. నేను పైన ఇడ్లీ పిండి కలుపుతున్నాను. కిందనుంచి ఇంజను గిరగిరమంటున్న చప్పుడు వచ్చింది, ఆగింది. మళ్ళీ వచ్చింది, ఆగింది. అట్లా అయిదారుసార్లు విని చెయ్యి కడుక్కుని దిగాను. డ్యూటీ నుంచి వచ్చిన రమేశ్ అప్పటికే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నేను ముందే చెప్పిన, పాత కారు వద్దని. నువ్విన్నవా?" అన్నాడు.

"విన్న. విని కొన్న," అన్నది స్వప్న, స్టీరింగు వదలకుండా.

"మరి రేపు పొద్దుగాల గిట్లనే ఆగిపోతే? చీకట్ల ఆ రైలు బ్రిడ్జి కాడ ఆగితే? ఇన్‌ఛార్జి వద్దు, ఏం వద్దు. ఇంకొకల్లకు ఇయ్యుమని చెప్పు. ఉన్న పని చాలు."

స్వప్న తాళంచెవి ఇంకోసారి తిప్పింది. ఆమె రాని రోజున ఆ కుర్చీలో కూచోవడానికి ఇంకొకామె సిద్ధంగా ఉందని మా అందరికీ తెలుసు. రమేశ్ మాటే నా మనసులోనూ ఉందక్కా. కానీ ఆ పిల్ల ముఖం చూశాక ఆ మాట పైకి రాలేదు. "ముందు మెకానిక్‌ను పిలువు. జబ్బేందో తెలవకుండ మనిషిని పాడె ఎక్కిస్తవా?" అని కొడుకునే కసిరాను.

సందు మొదట్లో షెడ్డు ఉన్న యాదగిరి వచ్చాడు. మనిషి మంచివాడు, మాట ఆగదు. రాగానే చక్రాల కింది నీళ్ళు చూసి, "రాత్రి వానకు తడిసింది, గంతే" అన్నాడు. బానెట్ ఎత్తి వైర్లన్నీ గుడ్డతో తుడిచాడు. స్వప్నను తిప్పమన్నాడు. గిరగిర. ఆగిపోయింది.

"సెల్ఫ్ మంచిగనే కొడుతున్నది. ఇంజన్ పట్టుకుంటలేదు," అన్నాడు.

"అంటే బ్యాటరీ బాగున్నట్టేనా?" అన్నాను.

"బ్యాటరీ పోతే గింత జోరుగ ఎట్ల తిరుగుతది పెద్దమ్మా? లైట్లు గూడ తెల్లగ వెలుగుతున్నయ్."

"అయితే బ్యాటరీని పక్కన పెట్టు. మళ్ళ దాని దగ్గరికి పోవద్దు. తర్వాతిది చూడు."

"పెద్దమ్మ టీచరా?" అని రమేశ్‌ను అడిగాడు.

"లెక్కల టీచరు. రిటైరైంది. మాకు మాత్రం కాలే," అన్నాడు నా కొడుకు.

యాదగిరి ప్లగ్గు విప్పి వేలితో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొడిగా ఉంది. ఇంతసేపు తిప్పాక పెట్రోలు వాసన రావాలట, రాలేదు. అదే ప్లగ్గును వైరుకు తగిలించి తిప్పించి చూస్తే నిప్పురవ్వ పడుతున్నది. అంటే నిప్పు ఉంది, పెట్రోలు రావడం లేదు. టాంకీలో పెట్రోలు ఉందా అంటే శుక్రవారమే పోయించాను అన్నది స్వప్న.

"అయితే పంపు పోయినట్టున్నది," అన్నాడు యాదగిరి. "టాంకీల ఉంటది. దింపాలె. ఇయ్యాల ఆదివారం, దుకాణాలు బంద్. రేపు సాయంత్రానికి చూద్దాం."

రేపు సాయంత్రం ఎవరికి కావాలి? స్వప్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి ఎదురుగా చూస్తూ కూచుంది.

"పోయినట్టున్నదా, పోయిందా?" అని అడిగాను యాదగిరిని.

తల గోక్కున్నాడు. "చాబీ తిప్పంగనే వెనుక సీటు కింద గుయ్ మని సప్పుడు రావాలె. రెండు సెకండ్లు. ఎవరన్న కూసోని వినుండ్రి."

నేనే ఎక్కి కూచున్నాను. నా ముక్కు ఎంత మొద్దుబారినా చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. వెనక బెంచీలో గుసగుసలు పట్టుకున్న చెవులవి. స్వప్న తాళంచెవి తిప్పింది. నా కింద, సన్నగా, తుమ్మెద తిరిగినట్టు గుయ్ మన్నది. ఆగింది.

"వచ్చింది," అన్నాను.

"పక్కా?"

"మళ్ళీ తిప్పమను, నువ్వే విను."

వచ్చి విన్నాడు. "పంపు మంచిగనే ఉన్నది," అని ఒప్పుకున్నాడు. "బ్యాటరీ మంచిది, నిప్పు మంచిది, పంపు మంచిది. మరి ఎవరు ఆపుతున్నరు పెట్రోలును?"

అట్లా వెనక సీట్లో కూచున్నప్పుడే నాకు రెండు సీట్ల సందులోంచి స్టీరింగు వెనక స్పీడు చూపే గడియారాలుండే చోటు కనబడింది. అక్కడ ఒక చిన్న ఎర్ర దీపం ఆగకుండా మిణుకు మిణుకుమంటున్నది. యాదగిరి ఇంతసేపూ బానెట్ దగ్గరే ఉన్నాడు, డ్రైవరు సీట్లో ఒక్కసారీ కూచోలేదు.

"అది ఏంది, కన్ను కొడుతున్నది?" అన్నాను.

"తెలియదు అత్తమ్మా. పొద్దటి నుంచి గట్లనే కొడుతున్నది. దొంగల లైటేమో అనుకున్న," అన్నది స్వప్న.

"ఇంతకుముందు కొట్టిందా?"

ఆలోచించింది. "గుర్తు లేదు. కొట్టలేదనుకుంట."

యాదగిరి తల లోపలికి పెట్టి చూశాడు. ఆ దీపం మీద తాళంచెవి బొమ్మ ఉంది. మాట ఆగని మనిషి ఒక్కసారి ఆగిపోయాడు. మెల్లగా తాళంచెవి బయటికి లాగి, దాని నల్లటి తలను ఎండలో అటూ ఇటూ తిప్పాడు.

"ఈ చాబీ ఎక్కడిది?"

రమేశ్ నా వైపు చూశాడు. స్వప్న ముందున్న చిన్న అద్దంలో నా వైపు చూసింది. పైన బాల్కనీలో నిలబడ్డ అక్షర అరిచింది: "నానమ్మా! అసలుది నీ బీరువాల ఉన్నది గదా!"

అక్కా, నీకు నా సంగతి తెలుసు. మన ఇంట్లో ఎప్పుడైనా అసలు కాగితం బయట తిరిగిందా? సర్టిఫికెట్లయినా, పట్టా కాగితాలయినా, అసలు బీరువాలో, జిరాక్సు చేతిలో. ఆ కారుకు పాత యజమాని ఒక్కటే తాళంచెవి ఇచ్చాడు. ఒక్కటే తాళంచెవితో కారు నడపడం నాకు నిద్ర పట్టనిచ్చే విషయం కాదు. శనివారం రమేశ్‌ను లాలాపేట్ పంపి, తాళంచెవులు చేసే అతని దగ్గర ఇంకొకటి కోయించాను. సాయంత్రం తెచ్చాడు. తలుపు తీసి చూశాం, వచ్చింది. వేసి చూశాం, పడింది. చినుకులు మొదలైతే లోపలికి వచ్చేశాం. ఇంజను ఎవరూ తిప్పి చూడలేదు. అసలుదానికి బొట్టు పెట్టి, పసుపు గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాను. పొద్దున వాన మీద నెపం పెట్టాం, కారు మీద పెట్టాం, స్వప్న మీద పెట్టాం. తాళంచెవి మారిందన్న సంగతి ఒక్కరికీ తోచలేదు.

"చాబీ తలకాయల చిన్న చిప్పు ఉంటది పెద్దమ్మా. అది ఉంటేనే బండి మనిషిని గుర్తుపడతది, పెట్రోలు ఇస్తది. గీ కొత్తదాంట్ల అది లేదు. తలుపు తీస్తది, సెల్ఫ్ కొడతది, గంతే," అన్నాడు యాదగిరి. "దొంగలు ఎత్కపోవద్దని మీరు అసలుది బీరువాల పెట్టిన్రు. కారేమో మిమ్ములనే దొంగలనుకున్నది!"

రమేశ్ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. నేను పైకి వచ్చి, నడుముకున్న గుత్తి తీసి బీరువా తెరిచాను. ఎన్నడూ విప్పని దుప్పట్లు, చీటీ తీయని స్టీలు పళ్ళేలు, రమేశ్ పదో తరగతి సర్టిఫికెట్. వాటి మధ్య ఆ మూట. గుడ్డ విప్పి తీసుకుపోయి కోడలి చేతిలో పెట్టాను. ఇది కూడా కాకపోతే ఆ పిల్ల రేపు ఏం చేస్తుందనే నా భయం.

స్వప్న తిప్పింది. మొదటి తిప్పుకే ఇంజను పట్టుకుంది. ఎర్ర దీపం ఆరిపోయింది. ఆమె నవ్వలేదక్కా. స్టీరింగుకు నుదురు ఆనించింది. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి వీపు నిమిరాను. తప్పు నాది అని నోటితో అనలేదు. "పోయి దారి చూసుకొనిరా, ఇడ్లీలు చల్లారుతయి" అన్నాను. ఆమెకు అర్థమైందనే అనుకుంటాను. యాదగిరికి టీ ఇచ్చి, ఏ పనికి ఎంత అని విడివిడిగా అడిగి, అడిగినంతా ఇచ్చాను. రమేశ్ మాత్రం ఇప్పటికీ బీరువా ముందునుంచి పోయినప్పుడల్లా దానికి సలాం కొడుతున్నాడు.

నిన్న, సోమవారం, చీకటి ఉండగానే లేచి ఉప్మా డబ్బా కట్టాను. స్వప్న కొత్త ఐడీ కార్డు మెడలో వేసుకుని కిందికి దిగింది. గేటు దగ్గర నిలబడి, కారు మలుపు తిరిగేదాకా ఇంజను చప్పుడు వింటూ ఉన్నాను. కాసేపటికి ఫోనుకు ఒకే మాట వచ్చింది: "చేరిన." ఎనిమిదికి రమేశ్ వచ్చి, చెప్పులు విప్పకముందే "పోయిందా?" అన్నాడు. పోయింది అన్నాను. "నేను ఫోన్ చేసిన. ఇన్‌ఛార్జి మేడం ఎత్తలే. బిజీ అంట," అని గర్వంగా చెప్పి పడుకున్నాడు.

సాయంత్రం ఆమె వచ్చాక నన్ను ముందు సీట్లో కూచోబెట్టుకుని వరంగల్ రోడ్డు మీద కొంతదూరం తిప్పుకొచ్చింది. జనగామ బస్సు పక్కపక్కనే కాసేపు పోయాం. కిటికీ దగ్గర కూచున్న ఒక ముసలామె నన్ను చూసింది, నేనూ చూశాను. ఎవరో తెలియదు, అయినా చెయ్యి ఊపాను. ఆమె కూడా ఊపింది. ఒకసారి ఇదే కారులో నిన్ను చూడ్డానికి తీసుకొస్తానని స్వప్న అన్నది. నడిపేది ఆమె కాబట్టి సరే అన్నాను.

ఇప్పుడు అసలు తాళంచెవి స్వప్న సంచిలో ఉంది. లాలాపేట్‌ది బీరువాలో ఉంది, దానికి చిప్పు వేయించేదాకా అక్కడే ఉంటుంది.

ఎవరైనా ఇటు వస్తే ఎండబెట్టిన చింతచిగురు కాస్త పంపు. బావకు నా నమస్కారం చెప్పు. ఇంటి పక్కన పెద్దవాళ్ళందరినీ అడిగానని చెప్పు. స్వప్న కొత్త పనిలో నిలదొక్కుకోవాలని నీ నోటితో ఒక మాట దీవించు. మేమంతా బాగున్నాం, మళ్ళీ చెప్తున్నాను, దిగులు పడకు.

ఇంకొకటి. పోయిన ఏడు నేను చేయించి ఇచ్చిన కొత్త కళ్ళద్దాలు నువ్వు పెట్టెలో దాచి, దారం కట్టిన పాతవాటితోనే ఈ ఉత్తరం చదువుతుంటావని నాకు తెలుసు. లేచి అవి తీసి పెట్టుకో. పెట్టుకుని మొదటినుంచి ఇంకోసారి చదువు.

నీ ఆశీర్వాదం కోరే చెల్లెలు,
సరోజన