ప్రోగ్రాం మొదట్లో శ్రీరామ

కేంబ్రిడ్జ్, సోమవారం

మామయ్యకు నమస్కారాలు.

ఇక్కడ వాన, మనసులోనూ అదే. ఆస్పత్రుల్లో రోగికి మందు ఎక్కించే పంపుకి ప్రోగ్రాం రాస్తున్నానని చెప్పాను కదా. నేను రాసింది మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. మామూలు సెట్టింగులో పంపు బుద్ధిగానే ఉంటోంది. వేగం కోసం ఆప్టిమైజేషన్ పెడితే, కంపైలర్ అనవసరమనుకున్నవన్నీ తీసేస్తుంది. అప్పుడు పంపు మందు ఎక్కువ ఎక్కిస్తోంది. మేనేజర్‌కి వేగమే కావాలి. శుక్రవారంలోగా తేల్చకపోతే నా ఉద్యోగం పోతుంది, దాంతోపాటు వీసా.

మీ శ్రీకర్

తా.క.: అలవాటు కొద్దీ ప్రోగ్రాం మొదట్లో 'శ్రీరామ' అని చూపించే లైను ఒకటి పెట్టాను. పంపు బాగుపడింది. ఎందుకో తెలియదు, అదే నా భయం.

నార్తాంప్టన్, బుధవారం

శ్రీరామ

చిరంజీవి శ్రీకర్‌కి ఆశీస్సులు.

ఎందుకో తెలియకపోవడమేమిట్రా? పైన రాసింది చూడు. గుడి కమిటీలో అందరికీ చెప్పాను. నిర్మలాదేవిగారు ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చెడిపోతే దాని మీద కూడా రాసుకున్నారు.

మామయ్య ఆంజనేయప్రసాద్

తా.క.: బాయిలర్ ఇంకా వెలగలేదు. ఆవిడ స్వెటర్ వేసుకుని ఎదురుచూస్తున్నారు.

కేంబ్రిడ్జ్, శనివారం

మామయ్యా,

తోటి ఉద్యోగి ఆ లైను అనవసరమని చెరిపేశాడని, పంపు మళ్ళీ మొరాయించిందని ఫోన్‌లో మీకు చెప్పడం నా తప్పే. దేవుడి పేరు చెరిపారని మీరు మా హెచ్‌ఆర్‌కి రాశారట. ఇక ఆ లైను ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరు వచ్చింది. అసలు తప్పు వెతికేవాడే లేడు. పంపు నమ్మదగినదేనని నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఉద్యోగం పర్మనెంట్ అయింది, పంపులు ఆస్పత్రులకు వెళ్ళిపోతున్నాయి. సిగ్గుగా ఉంది.

శ్రీకర్

తా.క.: నా మనోభావాలు దెబ్బతిన్నందుకు ఆఫీసువాళ్ళు సమోసాలు తెప్పించారు. ఒకటి తిన్నాను.

నార్తాంప్టన్, మూడు వారాల తర్వాత

శ్రీరామ

శ్రీకర్‌కి,

పదకొండు నెలలు కాచుకున్నాక నా మోకాలి ఆపరేషన్‌కి తేదీ వచ్చింది, ఈ గురువారమే. వార్డు చూసి వచ్చాను. మంచం పక్కన ఉన్నది మీ కంపెనీ పంపే. నాకింక బెంగ లేదు.

మామయ్య

తా.క.: ఇది మా మేనల్లుడు చేసిందని నర్సుకి చెప్పాను. ఆవిడ పంపుతో వచ్చిన పేపర్లలో నీ సంతకం కూడా చూపించింది.

కేంబ్రిడ్జ్, బుధవారం

మామయ్యా,

మీ ఫోన్ కలవడం లేదు. రేపు ఆస్పత్రికి వెళ్ళకండి. ఆ లైను జబ్బుని నయం చేయలేదు, కప్పిపెట్టింది. అది ఉంటే కంపైలర్ మిగతా లైన్లని వేరేగా సర్దుతోంది, నేను చేసిన తప్పు బయటపడటం లేదు, అంతే. పొద్దున మేనేజర్‌కి అంతా చెప్పేశాను. పంపులన్నీ వెనక్కి తెప్పిస్తున్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపేశారు.

శ్రీకర్

తా.క.: మీ ఉత్తరం చదివాక టిఫిన్ వదిలేసి నేరుగా ఆఫీసుకే వెళ్ళాను.

నార్తాంప్టన్, శుక్రవారం

శ్రీకర్‌కి,

నీ ఉత్తరం చూసేసరికి ఆలస్యమైంది. మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా, గౌను తొడిగి కూర్చోబెట్టి, సాయంత్రం పంపులు లేవని ఇంటికి పంపారు. మళ్ళీ వెయిటింగ్ లిస్టు. కోపం లేదంటే అబద్ధం. అయినా చిన్నగది ఖాళీ చేశాం, వచ్చెయ్. అత్తయ్య నీకోసం పప్పు నానబెట్టింది.

మామయ్య

తా.క.: ఒకటి అడుగుతాను, జవాబు రాయక్కర్లేదు. అది నా మంచం పక్కన ఉందని తెలిశాక నోరు విప్పావు. ఈ మూడు వారాలూ ఎవరెవరి మంచాల పక్కన ఉందిరా?