వరండాకు ముప్పై బుట్టలు

రాజపాళయం,
జూలై 28

ప్రియమైన మామకు,

మీ అరసి రాసేది. ఫోన్ పట్టుకుంటే రెండో నిమిషానికే మనిద్దరికీ గొడవ. అందుకే కాగితం మీద రాస్తున్నాను, మధ్యలో మీరు అడ్డం రాలేరు కదా.

తెన్కాశి రోడ్డులో కొత్తగా కల్యాణమండపం కట్టిన కృష్ణసామి నిన్న ఇంటికి వచ్చాడు. "వరండాకి వేలాడే పూలబుట్టలు ముప్పై కావాలమ్మా. అక్టోబరులో, ఐప్పసి నెల వానల్లో ముహూర్తాలు మొదలయ్యేలోగా నిండుగా పూసి ఉండాల. బాగా వచ్చినాయంటే తోట మొత్తం మీ ఆయనకే ఇచ్చేస్తా, కొండ దిగి రమ్మను" అన్నాడు.

కొడైకెనాల్ బంగళా తోటలో మీరు చేరి ఆరేళ్లయింది. తోటపని ఇక్కడ లేదని కదా మీరు పోయింది, ఇప్పుడు దొరికింది. ఏ మొక్కలు పెట్టాలో రాయండి. తక్కినది నేను చూసుకుంటాను.

మీ రాక కోసం చూస్తూ,
ఇళవరసి

కొడైకెనాల్,
ఆగస్టు 6

ప్రియమైన అరసికి,

ఉత్తరం అందింది. సంతోషం. ఫ్యూషియా, లొబీలియా, తీగలా పాకే జెరేనియం పెట్టు. ఈ మూడూ బుట్ట అంచు దాటి కిందికి జారి పూస్తాయి, చూడటానికి గొప్పగా ఉంటాయి. కొమ్మలూ నారూ తడిగుడ్డలో చుట్టి బస్సులో పంపిస్తున్నాను. నీడలో ఉంచు, వేళ్లు తడారనివ్వకు.

రావటం సంగతి బుట్టలు చూశాక మాట్లాడుకుందాం. ఇక్కడ మంచు ఎక్కువగా ఉంది.

నీ
ఉదయకుమార్

రాజపాళయం,
సెప్టెంబరు 3

ప్రియమైన మామకు,

మీ కొమ్మలన్నీ నాటాను. ఇనుప తీగ బుట్టల లోపల అందరూ కొబ్బరిపీచు పరుస్తారు. నేను సత్రపట్టి మిల్లులో మేం నేసే బ్యాండేజ్ గుడ్డ మడతలు వేసి పరిచాను. మగ్గం అంచుల దగ్గర తీసేసే గుడ్డ గంపలకొద్దీ పడుంటుంది. మా సూపర్‌వైజర్ సంగతి తెలిసి "చెట్టుకి దెబ్బ తగిలినాదా, కట్టు కట్టినావే" అని రోజంతా ఏడిపించాడు.

ఫ్యూషియా ఆకులు మధ్యాహ్నానికి సోలిపోతున్నాయి. రాత్రి షిఫ్టుకు మారి, రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లుతున్నాను. అది మామూలేనా? మీకు తెలియనిది కాదు, ఒక్క మాట రాయండి.

పెరటి గదికి సున్నం వేయించాను. మీ పనిముట్లు పెట్టుకోవచ్చు.

ఇట్లు
మీ అరసి

కొడైకెనాల్,
సెప్టెంబరు 19

ప్రియమైన అరసికి,

కొత్త చోటు కదా, మొదట్లో సోలిపోవటం మామూలే. ఓపిక పట్టు. గదికి సున్నం ఇప్పుడే ఎందుకు వేయించావు?

ఉదయకుమార్

రాజపాళయం,
అక్టోబరు 14

ప్రియమైన మామకు,

ఎలా రాయాలో తెలియటం లేదు. లొబీలియా ఒక్కటీ మిగల్లేదు. జెరేనియం కాడలు నల్లబడి కుళ్లిపోయాయి. ఫ్యూషియా నాలుగు బుట్టల్లో పుల్లలుగా నిలబడి ఉంది, అంతే.

తప్పు నాదే. మగ్గం మీది గుడ్డకు గంజి ఉంటుంది కదా, ఉడికించి ఆ గంజి తీయకుండానే పరిచేశాను. వానకు అది పులిసి బూజు పట్టింది, వేళ్లు ఊపిరాడక చచ్చాయి. పద్నాలుగేళ్లుగా ఆ గుడ్డ నేస్తూ ఇంత తెలివితక్కువ పని చేశాను. మీరు తిట్టినా పడతాను. ఒక్కసారి వచ్చి చూస్తే ఏదైనా చేయగలమేమో. కృష్ణసామి ఇంకో పది రోజులు ఆగుతానన్నాడు.

మీ
అరసి

కొడైకెనాల్,
నవంబరు 5

అరసికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని ఇన్ని రోజులు తిరిగాను. గంజి వల్ల కాదు. నువ్వు తప్పు చేయలేదు. ఆ మూడూ చలికి పుట్టిన మొక్కలు, మన ఊరి వేడిలో బతకవు. కొమ్మలు కోసేటప్పుడే నాకు తెలుసు.

రాను అని నీ మొహం మీద చెప్పలేకపోయాను. బుట్టలు చస్తే నువ్వే అడగటం మానేస్తావనుకున్నాను. నువ్వు తప్పంతా నెత్తిన వేసుకుంటావని అనుకోలేదు.

ఇక్కడ నాకు ఎవరూ లేరు. ఉంటే నీకు తిట్టుకోవటానికి ఒక మనిషైనా ఉండేది. ఒంటరిగా ఉండటం నాకు అలవాటైపోయింది, అదే బాగుంది కూడా. ఇంతకంటే చెప్పటానికి ఏమీ లేదు.

ఉదయకుమార్

రాజపాళయం,
నవంబరు 12

మామకు,

నాకు ఆగస్టులోనే తెలుసు.

మీ కొమ్మలు బస్సులో వచ్చిన రోజే నర్సరీ రామర్‌కు చూపించాను. ఆయన ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి, "ఇవి కొండమీద పూలమ్మా, మన ఎండకి నిలవవు. పంపినాయన తోటమాలి అంటావే, ఆయనకి ఇది తెలీకుండా ఎట్ల ఉంటాది?" అన్నాడు. టేబుల్ రోజ్, మనీ ప్లాంట్ పెట్టుకొమ్మన్నాడు. అవి పెట్టి ఉంటే ఈపాటికి వరండా నిండేది. కానీ మీరు పంపినవి పారేసి వేరేవి నాటితే, మీరు రారని నేనే ఒప్పుకున్నట్టు. అందుకే మీవే నాటాను.

గంజి సంగతి నేను కల్పించి రాసింది. పద్నాలుగేళ్లు ఆ పని చేసినదాన్ని, ఉడికించకుండా గుడ్డ పరుస్తానా? రెండుసార్లు ఉడికించి ఎండలో ఆరబెట్టాను. తప్పు నాదంటే నా మొహం చూడటానికి మీకు సిగ్గు ఉండదు, సిగ్గు లేకపోతే వస్తారేమో అనుకున్నాను. రావటం కన్నా మీకు నిజం చెప్పటమే సులువైంది.

ఆర్డరు రామర్‌కు పోయింది. నేను మళ్లీ పొద్దుటి షిఫ్టుకు మారాను. పెరటి గది మూశాను.

ఇక ఉత్తరాలు వద్దు. వస్తే చదువుతాను, చదివితే మళ్లీ ఎదురుచూస్తాను.

ఇళవరసి