అబ్బాయి అంటే కుక్కండీ

పసివాణ్ణి గొలుసుతో కట్టేశానని రాసి, పనిలోంచి తీసేసినట్టు కాగితం పంపారు. మేనేజరు గారూ, పంపేముందు నన్నొక్క మాట అడగాల్సింది కదా! మీరు నన్ను పనికి పంపిన ఆ ఇంట్లో పసివాడే లేడు. ఉన్నది కుక్క.

పై దేశం నుంచి వచ్చిన ఆ ఇంటావిడ దాన్ని "మా అబ్బాయి" అంటుంది. వాళ్ళ దేశంలో అందరూ అలాగే అంటారట. మీకిచ్చిన ఫిర్యాదులోనూ అలాగే రాసింది: "మా అబ్బాయిని వరండాలో కట్టేసి, మిగిలిన అన్నం పెట్టాడు." నిజమే, కట్టాను, పెట్టాను. నేను ఇల్లు తుడుస్తుంటే అది బురద కాళ్ళతో మంచమెక్కుతోంది మరి. ఆవిడ వచ్చి చూసి ఏడ్చింది. కుక్క మాత్రం తోక ఊపుతూనే ఉంది. నాకేమీ అర్థం కాలేదు.

మా ఇంట్లోనూ కుక్క ఉండేది. గడప లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. కానీ దానికి ముద్ద పెట్టందే నాన్న కంచం ముందు కూర్చునేవాడు కాదు. అది పోతే రెండు రోజులు పస్తున్నాడు. అది ప్రేమ కాదా? లేక మేమే తప్పు చేశామా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

మీ కాగితం చదివిన దగ్గర్నుంచి మా అక్క తన చంటిపిల్లని నా చేతికివ్వడం లేదు. "నిజంగా కుక్కేనట్రా?" అంటోంది. తోడబుట్టినవాడి మాట కన్నా మీ ముద్ర గట్టిదైపోయింది.

పని మళ్ళీ ఇస్తారో లేదో మీ ఇష్టం. ఆ కాగితంలో "పసివాడు" కొట్టేసి "కుక్క" అని రాసి, సంతకం పెట్టి, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పంపండి. లేదంటే శనివారం ఆవిడ కాళ్ళు పట్టుకునైనా ఆ అబ్బాయిని మీ ఆఫీసుకి తీసుకొస్తాను. తోక మీరే చూసుకోండి.