అమ్మ కంప్యూటరు ఎందుకు రాలేదంటే

అమ్మకు,

నమస్కారాలు. నేనిక్కడ కులాసా. నువ్వూ, నాన్నా, నాన్న మోకాలూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. వేళకు తింటున్నాను. పాత ఉన్ని దుప్పటి చాలు, కొత్తది పంపకు. షాపులో ఎవరితోనైనా గొడవ పడ్డావా అని అడిగావు. దానికి జవాబు చివర్లో.

నువ్వు స్కూళ్లలో ఫోటోలు తీసే పిల్లల మొహాలు నీ కొనఊపిరి కంప్యూటరు స్క్రీను మీద వెలిగిపోతున్నాయి, ప్రింటులో మసిబారినట్టు వస్తున్నాయి, నా కళ్లే పాడయ్యాయేమో అని రాశావు. నీ కళ్లకేం రోగం లేదు. అబద్ధమాడుతున్నది స్క్రీను. మా ఓనరు పొద్దున్నే కంప్యూటర్ల షాపు తెరవగానే చేసే మొదటి పని, స్క్రీన్లన్నిటికీ వెలుగు ఆఖరిదాకా పెంచడం. ఫోటోగ్రాఫర్లు వచ్చి తమ ఫోటోలు అందులో చూసుకుని, ఇవి నేనే తీశానా అని మురిసిపోతారు. ఇంటికెళ్లాక, ప్రింట్లు మసగ్గా వచ్చాయని ల్యాబువాడి మీద పడతారు. మొదట్లో వాళ్లంటే జాలేసేది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది. లెన్సు మీద వెంట్రుకంత గీత ఉందేమోనని భూతద్దం పెట్టి వెతికే మనుషులు, ఆ లెన్సుతో తీసినదంతా దాచుకునే కంప్యూటరు పెట్టె కొనేటప్పుడు మాత్రం, దానికి నీలం లైటుందా అని అడుగుతారు. ఉంటుంది. లైటు పెట్టడానికి ఎంతవుతుంది గనక! నువ్వు మాత్రం వెలుగు సగానికి తగ్గించి, మంచి ప్రింటొకటి పక్కన పెట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా సరిచేసుకో.

ఓనరుగారు పెద్దమనిషి, నీ మొహం చూసి కొత్త కంప్యూటరు ధర తగ్గించాడు, ఎదురు చెప్పకు అని కూడా రాశావు. ఆ పెద్దమనిషి సంగతి విను.

పోయిన నెల ఒకావిడ వచ్చింది. అప్పుడే పుట్టిన పిల్లల ఫోటోలు తీస్తుంది. ఆవిడ కంప్యూటరు ఆగిపోయింది. "రెండు చోట్ల దాచానండీ, సీ డ్రైవులో ఒకటి, డీ డ్రైవులో ఒకటి" అంది ధీమాగా. అలా దాచుకోమని నేర్పింది మా షాపే! ఉన్నది ఒకటే డిస్కు, దాన్ని రెండుగా విడదీసి రెండు పేర్లు పెట్టారంతే. బీరువా కాలిపోతే అందులో పై అర మిగులుతుందా? ఓనరు పెట్టెను లోపలికి తీసుకెళ్లి, చావుకబురు మోసుకొచ్చినవాడిలా బయటికొచ్చాడు. "డిస్కు పోయిందమ్మా. ఏమీ రాదు. కొత్తది వేయించుకోండి." ఆవిడ స్టూలు మీద కూలబడి, "ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు లేడండీ. వాళ్లమ్మ అడుగుతోంది, ఏం చెప్పను?" అంది. ఆయన "అయ్యో" అని బిల్లు పుస్తకం తీశాడు.

ఈ వారం నీ కంప్యూటరు తయారైంది. మా అమ్మది కదా అని పంపేముందు విప్పి చూశాను. డిస్కు మీద లేబులు తళతళలాడుతోంది, మరలు మాత్రం అరిగిపోయి ఉన్నాయి. గోటితో లేబులు గీరితే కింద ఇంకో లేబులు. చెరిపిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాము పెట్టాను. పిడికిళ్లు బిగించి కళ్లు మూసుకున్న పసిపిల్లలు, ఒకరి తర్వాత ఒకరు, బయటికొచ్చారు.

"ఇదేంటి సార్?" అన్నాను.

"ఏముంది, పనిచేస్తోందిగా?"

"ఆవిడకు పోయిందని చెప్పారు!"

"పోయింది తీగ. అది చెబితే తీగ డబ్బులేగా వచ్చేది."

"ఇది మా అమ్మకు పంపుతున్నారు సార్."

"అందుకేగా తగ్గించింది. అయినా మీ అమ్మకేం తెలుస్తుందమ్మాయ్? తెలిసేసరికి గ్యారంటీ దాటిపోతుంది."

దోపిడీ మీద నేను చదివిన చిన్న పుస్తకాలు ఒక పెట్టెడున్నాయి. వాటి జోలికి పోకుండా మరలు విప్పాను. డిస్కు పీకి సంచిలో వేసుకుని వచ్చేశాను.

లారీ ఆలస్యమని ఆయన నీకు ఫోన్లో చెప్పింది అబద్ధం. నీ కంప్యూటరు డిస్కు లేకుండా షాపులోనే పడి ఉంది. నా ఉద్యోగం పోయింది. సోమవారం నీ స్కూలు ఫోటోలు మొదలవుతాయనీ, ఆ పని పోతే ఈ ఏడాది ఇంకోటి లేదనీ తెలుసు. తెలిసే చేశాను. నిన్ను అడగలేదు, అడిగేంత తీరిక నా కోపానికి లేదు. కెమెరా కార్డుల్లో ఏదీ చెరపకు. ఆదివారం నా లాప్‌టాప్ తీసుకుని వస్తున్నాను. నత్తలా నడుస్తుంది, కానీ పని కానిస్తాం. ఓనరుకు ఫోన్ చేసి నా తరఫున క్షమాపణ మాత్రం చెప్పకు.

తిట్టేది తర్వాత తిట్టు, ముందు ఇది విను. డిస్కు ఆవిడ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. నా ముందే తగిలించి, నేను వెలికితీసిన ఫోటోల్లో వెతికింది. ఆ బాబు కనిపించాడు. దుప్పట్లో చుట్టి, తల ఒక్కటే బయటికి. ఆవిడ నా వైపు తిరగకుండానే, "నవ్వుతున్నాడు కదమ్మా?" అంది.

అంత పసిపిల్లలు నవ్వరని ఎక్కడో చదివాను. మూతి అలా వంకర పోతుందట, అంతే.

"అవునండీ, నవ్వుతున్నాడు" అన్నాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి