చిరిగిన మోతకు గ్యారంటీ

ధర్మవరం,
జూలై 4

మ.రా.రా.శ్రీ శ్రీ తుంబుర మ్యూజికల్స్ యజమాని చంద్రప్ప గారికి, మగ్గం శ్రీరాములు ఎవరిచేతా రాయించకుండా తానే రాసుకున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అమ్మిన పెట్టె మాత్రం క్షేమంగా లేదు.

నేను మీకు గుర్తున్నానో లేదో, గుర్తున్నా లేదంటారో తెలియదు. మొన్న ఆదివారం మా మనవరాలు లక్ష్మీప్రియను వెంటబెట్టుకుని హిందూపురం వచ్చి, మీ అంగట్లో గిటారుకు పెట్టే యాంప్లిఫయర్ కొన్నది నేనే. మా పిల్ల డిగ్రీ ఆఖరు సంవత్సరం. పెనుకొండ ఇమ్మానుయేలు డ్రమ్ములు కొడతాడు, పవిత్ర పాడుతుంది, మా పిల్ల గిటారు. ముగ్గురూ కలిసి హెవీ మెటల్ బ్యాండు పెట్టారు. ఆగస్టు పదో తేదీన బెంగళూరులో పోటీ ఉంది. కిందటేడు పోటీలో అద్దెకు తెచ్చిన యాంప్లిఫయర్ పాట మధ్యలో మూగబోయి, పిల్ల స్టేజీ మీదే ఏడ్చింది. ఈసారి మంచిది నేనే కొనిస్తానని మాటిచ్చాను. అరవై ఆరేళ్ల మనిషి ఇచ్చిన మాట అది.

మీ అంగట్లో మీరే స్టూలు మీద కూర్చుని మెల్లగా ఏదో వాయించారు. చెవిలో తేనె పోసినట్టుంది. ఇంటికి తెచ్చాక మగ్గం గదిలో పెట్టి, మా పిల్ల ఎర్ర బటన్ నొక్కి నాబులన్నీ కుడికి తిప్పింది. కొత్త చీరను నిలువునా చించినట్టు మోత. అలమారులో కండెలన్నీ గలగలలాడాయి. మా ఇంటావిడ సుబ్బలక్ష్మమ్మ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

సంగతి నాకప్పుడే అర్థమైంది. చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి. ప్యాక్ చేస్తానని మీ మనిషి పెట్టెను లోపలికి తీసుకెళ్లి ఆరు నిమిషాలు బయటికి రాలేదు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. లోపల స్పీకరు చిరిగి ఉంది. మార్చి పంపండి.

ఇట్లు,
శ్రీరాములు

తా.క.: ఫోను చేయొచ్చు కదా అని మా పిల్ల అంది. ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. ఈ ఉత్తరానికి నకలు నా దగ్గరుంది. కింద మిగిలిన ఖాళీలో గీతలు కొట్టాను, నేను రాయనిది ఎవరూ రాయకూడదని.


హిందూపురం,
జూలై 8

పెద్దలు శ్రీరాములు గారికి చంద్రప్ప నమస్కరించి రాసేది.

పదో తరగతి తర్వాత నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. చదివింది కన్నడంలో, కాబట్టి అక్షరాలు కొంచెం గుండ్రంగా ఉంటే అందులో కూడా ఏదో ఉందనుకోవద్దు. మా మనిషి లోపల ఆరు నిమిషాలున్నది టేపు దొరక్క.

స్పీకరు చిరగలేదండీ. ఆ పెట్టెలో రెండు దారులున్నాయి. ఒకటి శుభ్రంగా పలికేది, నేను వాయించి చూపించినది. ఎర్ర బటన్ నొక్కితే రెండోది, హై గెయిన్. అందులో మోతను దాని శక్తికి మించి తోసి, కావాలనే చీలుస్తారు. మీ మనవరాలి సంగీతానికి ప్రాణం ఆ చీలికే. ఎంత బాగా చీలిస్తే అంత మంచి యాంప్ అని పేరు. మిమ్మల్ని చూస్తే భజనలు వినే మనిషిలా అనిపించి నేను ఎర్ర బటన్ జోలికి పోలేదు. ఆ తప్పు నాదే.

గెయిన్ అని రాసి ఉన్న నాబు సగానికి తిప్పితే చాలని పిల్లకు చెప్పండి. కుర్రకారు ముందు దాన్నే చివరిదాకా తిప్పుతారు. బాస్ తగ్గించమనండి. పెట్టెను గది మూలకు కాకుండా స్టూలు మీద పెట్టమనండి. అప్పుడు మీ కండెలు కూడా క్షేమంగా ఉంటాయి.

మీ విధేయుడు,
చంద్రప్ప

తా.క.: గ్యారంటీ ఏడాది. చిరిగిన మోతకూ వర్తిస్తుంది. అంటే, చిరగడం ఆగిపోతే తీసుకురండి.


ధర్మవరం,
జూలై 13

చంద్రప్ప గారికి, మీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లూ నమ్మని శ్రీరాములు రాసేది.

నలభై ఎనిమిదేళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. చీరలో ఒక్క పోగు తెగి కనబడితే షావుకారు నా కూలి కోసేవాడు. తెగిందే అందమని, అందుకే ధర ఎక్కువని నేను ఒక్కసారైనా చెప్పి బతికానా? చిరిగిన దాన్ని కావాలని చించామని చెప్పి అమ్మే వ్యాపారం మాకు తెలియకపోవడం మా దురదృష్టం.

సరే, ఊరికే అనుమానించకూడదని పరీక్ష చేశాను. పట్టు అసలుదో కాదో తేల్చడానికి మేము ఒక పోగు లాగి కాలుస్తాం. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. మీ పెట్టె ముందు స్పీకరుకు కప్పిన నల్లబట్ట ఉంది కదా, దాని మూలలో ఒక పోగు లాగి నిప్పంటించాను. కరిగి ముద్ద కట్టింది. పట్టు కాదు, నూలు కూడా కాదు. పైకి కనబడే బట్టలోనే మోసం ఉంటే లోపల ఏం పెట్టి ఉంటారు?

పెట్టెను ఈ రోజు పొద్దున్నే బస్సులో వేసి వెనక్కి పంపేశాను. లక్ష్మీప్రియ బస్టాండు దాకా వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. బస్సు కదిలాక ఒకే మాట అంది. "నువ్వు ఇన్యావా తాతా, తప్పు ఎతికినావా?" ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. అన్నం కూడా వాళ్లవ్వ పెడితేనే తింటోంది. పోటీకి ఇంకా నాలుగు వారాలుంది. నిజమైన పెట్టె పంపండి.

ఇట్లు,
శ్రీరాములు

తా.క.: నేసిన చీర షావుకారు దగ్గర మారిపోకుండా మేము చీర అంచులో మాకు మాత్రమే తెలిసేటట్టు ఒక గుర్తు పోగు పెట్టుకుంటాం. మీ పెట్టెకూ పెట్టాను. ఎక్కడో చెప్పను. దాన్నే తుడిచి మళ్లీ నాకే అంటగట్టాలని చూస్తే పట్టుకుంటాను.


హిందూపురం,
జూలై 17

శ్రీరాములు గారికి, ఓపిక ఇంకా కొంచెం మిగిలి ఉన్న చంద్రప్ప నమస్కారాలు.

పెట్టె చేరింది. ముందు బట్టకు మూలలో కంత కూడా చేరింది. అది స్పీకరుకు దుమ్ము పడకుండా కప్పే బట్టండీ, పెళ్లిచీర కాదు. విప్పి చూశాను. స్పీకరు నిక్షేపంలా ఉంది.

మీ గుర్తు కోసం నేను, మా మనిషి కలిసి టార్చి వేసి వెతికాం. వెనక పలక మీద పసుపు చుక్క ఒకటి కనబడింది. అదేనా? కాదని మీరంటే అదేనని నేననుకుంటాను, అవునంటే కాదనుకుంటాను. నాకూ మీ జబ్బు అంటుకుంది. నిన్న ఒకాయన హార్మోనియం కొనడానికి వస్తే, ఎదురు అంగడివాళ్లు పంపారేమోనని పేరు, ఊరు, తండ్రి పేరు అడిగి పంపేశాను.

ఇలా అయితే తేలదు. మీ మనవరాలి మీద జాలేసి చెబుతున్నాను. మూడు పెట్టెలు తెస్తాను. ఏది ఏదో మీకు తెలియకుండా పిల్లే మూడింటి మీదా వాయిస్తుంది. మీ చెవి ఏది చెబితే అది తీసుకుపోండి.

ఇట్లు,
చంద్రప్ప

తా.క.: మీ ఉత్తరం మా ఆవిడ నాగమణి చదివింది. పెళ్లికి నేను కొనిచ్చిన ధర్మవరం చీర బయటికి తీసి, అంచులో పోగు లాగి కాల్చింది. ముద్ద కట్టింది. ఇరవై రెండేళ్ల కాపురం. ఇప్పుడు నాతోనూ మాట్లాడేవాళ్లు లేరు.


ధర్మవరం,
జూలై 21

చంద్రప్ప గారికి, శ్రీరాములు షరతులు.

ఒకటి, పరీక్ష మీ అంగట్లో వద్దు, మా ఇంట్లోనూ వద్దు. మధ్యలో పెనుకొండ ఉంది. ఇమ్మానుయేలు వాళ్ల చర్చి వెనక హాలు ఆదివారం ప్రార్థన అయ్యాక ఖాళీ. పాస్టరు గారిని పెద్దమనిషిగా కూర్చోబెడదాం. పెళ్లిలో అడ్డుతెర పట్టినట్టు మధ్యలో తెర కడదాం. ఆ తెర నేనే తెస్తాను, మీ తెరకు కంతలుంటాయి.

మూడు పెట్టెల మీదా మా పిల్ల ఒకే ముక్క వాయించాలి. తిరగ్గొట్టిన పాత పెట్టె ఆ ఊరి పొలిమేరలోకి రాకూడదు.

ఇంకొక మాట, ఇది షరతు కాదు. మా పిల్ల నాతో మాట్లాడక ఎనిమిది రోజులు. మగ్గం మీద కూర్చుంటే వెనక దాని గిటారు తీగల చప్పుడు వినిపించేది, ఇప్పుడది కూడా లేదు. పని సాగడం లేదు. దయచేసి ఈసారి మంచి సరుకు తెండి.

ఇట్లు,
శ్రీరాములు

తా.క.: మీ ఆవిడ కాల్చింది చీర పోగా, లేక కింద కుట్టించుకున్న ఫాల్ దారమా? ఫాల్ పాలిస్టరు. అది ముద్దే కడుతుంది. కొంగు చివర కుచ్చులో పోగు కాల్చమనండి. ధర్మవరం మీద నింద పడితే నేనూరుకోను.


హిందూపురం,
జూలై 29

శ్రీరాములు గారికి, గెలిచానో ఓడానో తెలియని చంద్రప్ప రాసేది.

మొన్న పెనుకొండలో జరిగినదంతా మీలాగే కాగితం మీద పెడుతున్నాను, రేపు మీరు కాదనకుండా. తెర ముందు మీరు, పాస్టరు గారు, పవిత్ర. తెర వెనక నేను, మీ మనవరాలు, మూడు పెట్టెలు. గెయిన్ సగమే పెట్టించాను. పెట్టెలన్నీ స్టూళ్ల మీదే ఉన్నాయి.

మొదటిది గాజు వాల్వులున్న పాతకాలం రకం. మోత నిండుగా ఉంది గానీ, చెయ్యి తీసినా ఊళ పోవడం లేదన్నారు. మూడోది లోపల కంప్యూటరున్న రకం, నూరు రకాలుగా పలుకుతుంది. కత్తెరతో కత్తిరించినట్టు ఉంది, మనిషి వాయించినట్టు లేదన్నారు. రెండోది వాయించినప్పుడు మీరు తల వంచుకుని తొడ మీద వేళ్లతో తాళం వేయడం తెర అంచులోంచి నేను చూశాను. తర్వాత మీరన్న మాట పాస్టరు గారు కూడా విన్నారు. "ఇదీ దెబ్బంటే. మగ్గం మాదిరి, కొడితే పడతాది, ఆపితే ఆగుతాది. పోగు పోగు లెక్క తెలుస్తాండాది." ఇరవై ఏళ్లుగా యాంపులు అమ్ముతున్నాను. మంచి హై గెయిన్ యాంప్ అంటే ఏమిటో నాకెవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. రేపటి నుంచి కొనడానికి వచ్చిన వాళ్లకు ఇదే చెబుతాను.

రెండో పెట్టె మీరే కోరి, కాగితం మీద సంతకం చేసి తీసుకెళ్లారు. ఇక వాపసు లేదు.

ఇట్లు,
చంద్రప్ప

తా.క.: కాల్చింది ఫాల్ దారమే. నాగమణి మాట్లాడుతోంది. ఎక్కువగానే మాట్లాడుతోంది.


ధర్మవరం,
ఆగస్టు 12

చిరంజీవి చంద్రప్పకు శ్రీరాములు ఆశీర్వదించి రాసేది. ఇకమీదట నిన్ను గారూ అనను, కారణం చదివితే నీకే తెలుస్తుంది.

ఆ రోజు పెనుకొండలో పెట్టెను బస్సు ఎక్కించింది ఇమ్మానుయేలు. ధర్మవరంలో దించుకుంది నేను. పిడి పట్టుకుని ఎత్తగానే లోపలివైపు వేలికి ఒక ముడి తగిలింది. చూడనక్కర్లేదు, నా ముడి నా వేలికి తెలుసు. రెండు ఎర్ర పట్టు పోగులు, ఒక జరీ పోగు. నా గుర్తు పోగు.

బస్టాండులో అలాగే నిలబడిపోయాను. నువ్వు మోసగాడివని మొదటి రోజే అన్నాను, ఆ మాట నిజమైంది. వద్దన్న పెట్టెనే తెచ్చి మళ్లీ నాకే అంటగట్టావు. పట్టుకున్నాను కూడా. కానీ పట్టుకున్నానని నలుగురిలో చెప్పాలంటే, చిరిగిందని తిరగ్గొట్టిన దాన్నే నోరారా మెచ్చుకున్నానని కూడా చెప్పాలి. నిన్ను పట్టుకోవడానికి కట్టిన ముడి నన్ను పట్టుకుంది.

పిల్లను పిలిచి ముడి చూపించాను. ఏమీ ఆశ్చర్యపోలేదు. నేను గుర్తు కట్టిన రోజు తలుపు చాటు నుంచి చూసిందట. తెర వెనక చేతిలో కత్తెర కూడా ఉందట. మరి ఎందుకు తెంచలేదని అడిగాను. రెండు వారాల తర్వాత నాతో మాట్లాడింది.

"నీ గుర్తు కదా తాతా. నువ్వే చూడల్ల అని ఇడిసిపెట్నా."

నాకు సిగ్గేసింది. మొదటిసారి నేను వినలేదు చంద్రప్పా, తప్పే వెతికాను. ఆ మాట దానితో చెప్పాను, ఇప్పుడు నీతో చెబుతున్నాను.

పోటీకి పెట్టెను నా ఒళ్లో పెట్టుకుని రైలులో బెంగళూరు తీసుకెళ్లింది నేనే. హాలు నిండా నల్లచొక్కాలు, పూనకం వచ్చిన వాళ్లలా తలలు ఊపారు. మా పిల్ల వాయిస్తూ, ఆపాల్సిన చోట ఆపి నా వైపు చూసింది. అంత పెద్ద మోత చెయ్యి పెట్టగానే ఆగిపోయింది. పక్కన కూర్చున్న కుర్రాణ్ణి తట్టి, ఆ పెట్టెను ఏరింది నేనేనని చెప్పాను. వాడు నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

నాగమణమ్మను తీసుకుని ఒకసారి ఇంటికి రా. నువ్వు చించిన మోత వింటూ భోజనం చేద్దాం. పెట్టె ముందు బట్టకు కంత నేను పెట్టిందే కాబట్టి, నేనే పట్టు పోగుతో రఫ్ఫు చేశాను. ఇప్పుడది కాల్చినా బూడిదే రాలుతుంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
శ్రీరాములు

తా.క.: మా పిల్లలకు రెండో బహుమతి వచ్చింది. జడ్జీలు లోపలికి వెళ్లి పదకొండు నిమిషాలు బయటికి రాలేదు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. వాళ్ల అడ్రసు సంపాదించి పంపు. ఒక ఉత్తరం రాయాలి.