మెరిసే కత్తితో గుమ్మడికాయ కొట్టకు

చిరంజీవి గంగాప్రసాద్‌కి పటమట నుంచి అక్క దీవెనలు.

ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే రాస్తున్నాను. పంపకాల గొడవ ఎత్తనులే, చివరిదాకా చదువు.

తాతయ్య పటాలం నుంచి తెచ్చిన రెండు కత్తుల్లో మెరిసేది నువ్వు పట్టుకెళ్లావు. నల్లబడ్డది నాకు మిగిలింది. మా పై వాటాలో కొత్తగా దిగిన రిటైర్డ్ కర్నల్ గారు మొన్న దాన్ని వంచి వదిలితే టంగుమని నిటారుగా నిలబడింది. అసలైన ఉక్కు అన్నారాయన. ఆ రోజుల్లో సైన్యంలో కత్తులన్నీ ఒక్కలా ఉండేవి కావట. కొన్ని యుద్ధానికి చేసినవి, కొన్ని కవాతులో తళతళలాడడానికి చేసిన నాసిరకం.

నిరుడు దసరాకి హనుమాన్ జంక్షన్‌లో నీ లారీల ముందు నువ్వు ఆ మెరిసే కత్తితో గుమ్మడికాయ కొడుతున్న ఫోటో మరదలు పంపింది కదా, అదీ ఆయనకి చూపించాను. పిడి దగ్గర కత్తి అప్పుడే వాలిపోయిందన్నారు. ఈసారి గట్టిగా కొడితే ఊడి ఎగురుతుందట. చుట్టూ డ్రైవర్లు, వాళ్ల పిల్లలు నిలబడి ఉంటారు. దాంతో కొట్టకురా.

నా కత్తే మంచిదని తేలినందుకు కాసేపు సంబరపడ్డాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరున్నారు? నా ఒక్కదానికి దిష్టి తీసేవాళ్లు లేక అది గోడకే వేలాడుతోంది.

మనిషిని పంపు, కత్తి ఇచ్చి పంపుతాను. తిరిగివ్వడానికి మాత్రం నువ్వే రావాలి.

నీ అక్క