చిన్న తూటా గురించి మీరడిగారు కదా

సూర్,
1994 నవంబరు 11.

ఫెలిక్స్ నాన్నగారికి,

సారా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నాకు జ్వరమూ నొప్పీ లేవు. మీరూ కులాసాగానే ఉన్నారని మీ ఉత్తరం చూస్తే తెలిసింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు తూటాల గురించే రాశారు. మిగిలిన అర పేజీలో, ఫెలిక్స్‌ను వచ్చే నెల మిలిటరీ సెలక్షన్‌కు తీసుకెళ్తున్నానని చెప్పి, తల్లి సంతకం కోసం కాగితం జతచేశారు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

మీరడిగిన చిన్న సంగతులు ముందు. అత్తయ్య మోకాళ్ళ మందు మా వార్డు నర్సు అబిగైల్ చేతికిచ్చాను, సెలవు మీద వస్తోంది. నాకు క్రిస్మస్‌కు సెలవు దొరకదు.

ఇక మీ పెద్ద ప్రశ్న. కొత్త రైఫిళ్ళు పరీక్షించే జట్టులో మిమ్మల్ని వేశారు, సంతోషం. పాత పెద్ద తూటా మేలా, కొత్త చిన్న తూటా మేలా, "గాయాలు చూసే నర్సువి, నువ్వే చెప్పు" అంటారా! పాతవి వంద మోసే బరువుకు కొత్తవి రెండు వందలు మోయొచ్చట. భుజాన్ని తన్నదట. కొండల్లో దూరానికి పెద్దదే కావాలని మీ సుబేదారుగారు, ఇప్పటి యుద్ధమంతా దగ్గర్నుంచేనని మీరు. పైగా చిన్నది చంపదట, గాయపరుస్తుందట. పడినవాణ్ణి మోయడానికి ఇద్దరు కావాలి గనుక శత్రువుకు ముగ్గురు తగ్గుతారట. ఏం లెక్కలండీ ఇవి! "ఇంత తేలికైనది మన ఫెలిక్స్ కూడా ఇట్టే పేలుస్తాడు" అని మురిసిపోయారు. ఎదుటివాడి దగ్గరా అదే తూటా ఉంటుందని మీ బుర్రకు తట్టనే లేదా?

ఏడు నెలలుగా ఎవరికీ చెప్పనిది చెప్తాను, వినండి.

ఏప్రిల్లో ఇక్కడికి దగ్గర్లో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళిలో తుపాకులు గాల్లోకి పేల్చడం ఇక్కడి అరబ్బుల వేడుక. పాత బరువు తుపాకీ ఒకటి చేజారి పేలింది. ఆ అదురుకు పక్కవాడి చేతిలో కొత్త సన్న రైఫిల్ కూడా పేలింది. దెబ్బతిన్న ఇద్దరినీ ఒకే వ్యానులో మా ఆసుపత్రికి తెచ్చారు. ముసలాయన తొడ పెద్ద తూటాకు చీలిపోయి రక్తం ధారగా కారుతోంది, ఒకటే కేకలు. రెండోవాడు మన కరీంనగర్ నుంచి ఈ దేశానికి కూలికొచ్చి, ఆ పెళ్ళికి వంటపాత్రలు మోయడానికెళ్ళిన మనిషి, భూమయ్య. కుడి పక్కటెముకల కింద శనగగింజంత రంధ్రం, చొక్కా మీద రెండు రక్తపు చుక్కలు. నడుచుకుంటూ వచ్చాడు.

"నాకేం గాలే అక్కా. గా పెద్దమనిషిని సూడుండ్రి ముందుగాల," అన్నాడు.

నేను పెద్ద గాయాన్నే చూశాను. భూమయ్య నాడి చూడలేదు, బీపీ చూడలేదు. దూది అంటించి బల్ల మీద కూర్చోబెట్టాను.

"ఎండకేమో అక్కా, కండ్లు తిరుగుతున్నయ్," అన్నాడు కాసేపటికి.

నీళ్ళు తాగమన్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది, సిగ్గులేదూ! గంట తర్వాత ఒరిగిపోయాడు. డాక్టరుగారు పొట్ట తెరిచి చూస్తే కాలేయం నుజ్జయిపోయింది. తూటా లోపలికెళ్ళి తిరగబడి ముక్కలైందన్నారు. ముసలాయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. భూమయ్య ఆ సాయంత్రమే పోయాడు.

రాగానే నాడి చూశావా అని డాక్టరుగారు అడిగారు. చూశాను, బాగానే ఉంది అన్నాను. ఉద్యోగం పోతుందని భయపడి అబద్ధమాడాను. అతన్ని ఆ తూటా ఒక్కటే చంపలేదు, నేను కూడా చంపాను.

మీ రిపోర్టులో ఇది కూడా రాయండి. మోయడానికి ఇద్దరు అక్కర్లేదు, తన కాళ్ళ మీద తనే నడిచొచ్చి చచ్చిపోతాడు అని రాయండి.

కాగితం మీద సంతకం పెట్టలేదు. ఈ సంగతంతా, నా అబద్ధంతో సహా, ఫెలిక్స్‌కు హాస్టల్ అడ్రసుకు రాసి పోస్టు చేసేశాను. వాడు చదివి, వాళ్ళమ్మ ఏం చేసిందో తెలిసి, అయినా వెళ్తానని వాడి చేత్తో నాకు రాస్తే అప్పుడు పెడతాను. మీరడిగితే మాత్రం పెట్టను.

ఇట్లు,
ఫెలిక్స్ తల్లి
సారా